ఇంటిపేరుతో సహా పిలవండి బాబూ!

ముందే చెప్పేస్తున్నా, ఇది పాఠం కాదు. ఓ అభిప్రాయం, దాంతోపాటు కాస్త గొణుగుడు. పైతాన్ రాసేవాళ్లకీ, రాయడం నేర్పేవాళ్లకీ, ముఖ్యంగా పైతాన్‌తో కిటికీలూ బటన్లూ ఉన్న ప్రోగ్రాములు చేసేవాళ్లకీ.

అభిప్రాయం ఒక్క ముక్కలో: మీ ఫైల్లో ఏ లోపలి మాడ్యూల్ వాడుతున్నారో, దాన్ని పూర్తి పేరుతో మీ ఫైల్లోనే ఇంపోర్ట్ చేసుకోండి. "ఎక్కడో ఎవరో చేసే ఉంటారులే" అని వదిలెయ్యకండి. ఇందులో కొత్తేముంది అంటారా? ఏం లేదు. కానీ దీన్ని పాటించకపోతే దెబ్బ తగిలేది రాసినవాడికి కాదు, వాడి తర్వాత వచ్చినవాడికి. నా గొణుగుడంతా అందుకే.

టీకింటర్‌తోనే మొదలెడదాం. పైతాన్‌తో పాటే వస్తుంది కాబట్టి మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మినీ ప్రాజెక్టు అనగానే చాలామంది దాని మీదే పడతారు. పిల్లాడు 'ఇంపోర్ట్ టీకింటర్' అని రాస్తాడు. విండో వస్తుంది, బటన్ వస్తుంది, ప్రపంచం అందంగా కనిపిస్తుంది. తర్వాత ఓ చిన్న హెచ్చరిక చూపిద్దామని 'టీకింటర్.మెసేజ్‌బాక్స్.షోఎర్రర్' అని పిలుస్తాడు. టీకింటర్ అనే మాడ్యూల్‌కి మెసేజ్‌బాక్స్ అనే ఆట్రిబ్యూటే లేదు పొమ్మంటుంది పైతాన్. అదేంటి, డిస్కులో టీకింటర్ ఫోల్డర్ తెరిచి చూస్తే మెసేజ్‌బాక్స్ ఫైలు కళ్లెదురుగా కనిపిస్తోంది కదా!

ఫైలు ఉండటం వేరు, అది లోడ్ అయి ఉండటం వేరు. టీకింటర్ ఒక ప్యాకేజీ, అంటే ఓ ఉమ్మడి కుటుంబం లాంటిది. 'ఇంపోర్ట్ టీకింటర్' అంటే ఇంటి పెద్ద ఒక్కడే బయటికొస్తాడు. మెసేజ్‌బాక్స్, ఫైల్‌డైలాగ్, సింపుల్‌డైలాగ్, స్క్రోల్డ్‌టెక్స్ట్, టీటీకే.. వీళ్లంతా లోపల గదుల్లో పడుకుని ఉంటారు. పేరు పెట్టి పిలిస్తేనే లేస్తారు. 'ఇంపోర్ట్ టీకింటర్.మెసేజ్‌బాక్స్' అన్నారనుకోండి, పైతాన్ ముందు టీకింటర్‌ని లోడ్ చేస్తుంది, తర్వాత మెసేజ్‌బాక్స్‌ని లోడ్ చేస్తుంది, ఆపైన దాన్ని టీకింటర్‌కి ఓ ఆట్రిబ్యూట్‌గా తగిలిస్తుంది. ఆ చివరి పని జరిగాకే చుక్క పెట్టి పిలిస్తే పలుకుతుంది.

మన తెలుగువాళ్లకి ఇది సులువుగా అర్థం కావాలి నిజానికి. మనం ఇంటిపేరు ముందు రాసి, తర్వాత అసలు పేరు రాస్తాం. పైతాన్ కూడా అంతే. టీకింటర్ ఇంటిపేరు, మెసేజ్‌బాక్స్ పేరు. ఇంటిపేరు తెలిసినంత మాత్రాన ఆ ఇంట్లో మనుషులందరూ మనకి పరిచయం అయిపోయినట్టు కాదు కదా :)

ఈ ఇంటిపేరు మొదట్నుంచీ లేదు. పైతాన్ 2 రోజుల్లో ఇవన్నీ విడివిడి మాడ్యూల్స్. టీకేమెసేజ్‌బాక్స్ అని ఒకటి, టీకేఫైల్‌డైలాగ్ అని ఇంకొకటి, ఎవరి కాపురం వాళ్లది. 2008 డిసెంబరులో పైతాన్ 3.0 వచ్చినప్పుడు స్టాండర్డ్ లైబ్రరీని సర్దుతూ అందర్నీ టీకింటర్ అనే ఒక్క కప్పు కిందకి చేర్చారు. మంచి పనే. కాకపోతే, విడిగా ఉన్నప్పుడు ఎవరి మాడ్యూల్ వాళ్లు చచ్చినట్టు ఇంపోర్ట్ చేసుకునేవారు. ఒకే కప్పు కిందకి రాగానే "పెద్దాయన్ని పిలిచాం కదా, అందరూ వచ్చేస్తారు" అనే భ్రమ మొదలైంది.

ఆ భ్రమకి ఇంకో కారణం కూడా ఉంది. అది 'ఓఎస్.పాత్'. పైతాన్‌లో మనం మొదట నేర్చుకునే వాటిలో అదొకటి. 'ఇంపోర్ట్ ఓఎస్' అంటే చాలు, ఓఎస్.పాత్ వచ్చేస్తుంది. ఎందుకంటే ఓఎస్ మాడ్యూల్ తనే దాన్ని లోపల ఇంపోర్ట్ చేసి పెడుతుంది. అది ఆ మాడ్యూల్ మర్యాద, పైతాన్ నియమం కాదు. మనమేమో ఆ ఒక్కింటి మర్యాద చూసి ఊరంతా అంతే అనుకుంటాం.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఆట్రిబ్యూట్ లేదని మొదటిసారే ఎర్రర్ వస్తే బాధ లేదు. ఓ లైను చేర్చి ముందుకెళ్లిపోతాం. ప్రమాదం ఎప్పుడంటే, తప్పుగా రాసినా పనిచేసినప్పుడు.

మీ ఇంట్లో పేపరు తెప్పించుకోరనుకోండి. పక్కింటివాళ్లు తెప్పించుకుంటారు. రోజూ పొద్దున్నే గోడ మీంచి అందుకుని చదివేస్తుంటారు. పదేళ్లుగా పేపరు చదువుతున్న మనిషిగా మీకు పేరు కూడా వస్తుంది. ఒకరోజు పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు. వాళ్ల తప్పేమైనా ఉందా? లేదు. మీకు మాత్రం ఆ రోజునుంచి పేపరు లేదు.

పైతాన్‌లో ఇంపోర్ట్ సరిగ్గా ఇలాగే జరుగుతుంది. లోడ్ అయిన మాడ్యూల్స్ అన్నీ ప్రోగ్రాం మొత్తానికీ కలిపి ఒకే చోట ఉంటాయి. ఎక్కడో ఇంకో ఫైల్లో ఎవరో టీకింటర్.మెసేజ్‌బాక్స్‌ని ఇంపోర్ట్ చేస్తే, అది టీకింటర్‌కి అతుక్కుపోతుంది. ఇక మీ ఫైల్లో ఆ లైను లేకపోయినా మీ కోడ్ పనిచేస్తుంది. పక్కింటి పేపరు!

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ పైతాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటరే. అది కూడా టీకింటర్‌తోనే కట్టింది. దాని అవసరాల కోసం అది ఇంపోర్ట్ చేసుకున్నవి మన ప్రోగ్రాముకి కూడా దొరికేవి. ఐడిల్‌లో ఎఫ్5 కొడితే బ్రహ్మాండంగా నడిచేది, అదే ఫైలు బయట నడిపితే చతికిలపడేది. "నా సిస్టంలో పనిచేసింది సార్, ఒట్టు!" అని వైవాలో ఏడుపు మొహం పెట్టిన పిల్లలు అబద్ధం చెప్పలేదన్నమాట. చివరికి 2016 డిసెంబరులో వచ్చిన 3.6 నాటికి ఐడిల్ వాళ్లు ఆ సందు మూసేశారు. బయట ఏ ఇంపోర్ట్‌లు కావాలో ఐడిల్‌లోనూ అవే రాయాలి. కొందరికి అప్పటిదాకా నడిచిన ప్రోగ్రాం ఆగిపోయి చిరాకేసి ఉంటుంది. నాకైతే అది చాలా మంచి నిర్ణయం అనిపిస్తుంది.

ఇంకొకటి చూడండి. టీకింటర్.సింపుల్‌డైలాగ్ మాడ్యూల్ తన పనికోసం లోపల మెసేజ్‌బాక్స్‌ని ఇంపోర్ట్ చేసుకుంటుంది. అంటే మీరు సింపుల్‌డైలాగ్ ఒక్కటే ఇంపోర్ట్ చేసినా, టీకింటర్.మెసేజ్‌బాక్స్ కూడా పలుకుతుంది. బాగుంది కదా అనుకుంటున్నారా? ఇది ఎక్కడిదాకా పోతుందో చెప్తా వినండి.

నాకు తెలిసిన ఒక ఎరువుల కొట్టులో చిన్న పద్దుల ప్రోగ్రాం ఉండేది. చదువుకునే కుర్రాడెవరో రాసిచ్చాడు. రైతు పేరు, బస్తాలు, మొత్తం టైపు చేసి సేవ్ నొక్కితే ఓ సీఎస్‌వీ ఫైల్లో చేరేది. ఎక్సెల్‌లో తెరిచి చూసుకోవచ్చు. మొదట్లో రైతు పేరు అడగడానికి సింపుల్‌డైలాగ్ వాడారు. తర్వాత ఇంకో కుర్రాడు వచ్చి, ప్రతిసారీ ఆ డబ్బా ఎగిరి రావడం చికాకుగా ఉందని, పేరుకి కూడా ఓ గడి పెట్టి, ఇక అక్కర్లేని సింపుల్‌డైలాగ్ ఇంపోర్ట్ లైను తీసేశాడు. తీసెయ్యాల్సిందే మరి, వాడని ఇంపోర్ట్ ఉంచుకోవడం దేనికి? అన్ని బటన్లూ నొక్కి చూసుకున్నాడు. అన్నీ పనిచేశాయి.

మెసేజ్‌బాక్స్ వాడింది ఒకే ఒక్క చోట. ఫైల్లో రాయడం కుదరకపోతే "సేవ్ కాలేదు" అని చెప్పడానికి. అది ఎప్పుడో గానీ రాదు కదా.

ఓ రోజు పొద్దున కొట్టు ఆయన లెక్క చూసుకుందామని ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి అలాగే వదిలేశారు. ఎక్సెల్ పట్టుకుని ఉన్న ఫైల్లో ఇంకో ప్రోగ్రాం రాయబోతే విండోస్ ఒప్పుకోదు, పర్మిషన్ ఎర్రర్ ఇస్తుంది. ప్రోగ్రాం ఆ ఎర్రర్‌ని పట్టుకుంది, మెసేజ్‌బాక్స్ చూపించబోయింది, టీకింటర్‌కి మెసేజ్‌బాక్స్ లేదని ఇంకో ఎర్రర్ వచ్చింది. మామూలుగా ఇలాంటివి నల్ల తెర మీద కనిపిస్తాయి. కొట్టులో నల్ల తెర చూస్తే భయపడతారని ప్రోగ్రాంని అది లేకుండా నడిచేట్టు పెట్టారు. బటన్ నొక్కితే వచ్చే ఎర్రర్లకి టీకింటర్ ఆగిపోదు, సమాచారాన్ని తెర మీదకి పంపి తన పని తను చేసుకుంటుంది. తెరే లేదు కాబట్టి ఆ సమాచారం గాల్లో కలిసిపోయింది. పైగా సేవ్ నొక్కగానే గడులు ఖాళీ అయ్యేలా రాశారు. అది వేరే తప్పు, ఇప్పుడది వద్దు. చూసేవాళ్లకి మాత్రం సేవ్ అయినట్టే కనిపిస్తుంది.

సాయంత్రానికి ఓ పూటంతా రాసిన అప్పు పద్దులు లేవు. ఎరువుల కొట్టు సంగతి తెలిసిందేగా, ఇప్పుడు తీసుకెళ్తారు, పంట వచ్చాక కడతారు. పద్దు పోతే ఎవర్నని అడుగుతారు, ఎంతని అడుగుతారు? కొట్టు ఆయన నాకు ఫోన్ చేసి, "అబ్బాయ్, మనుషులు అప్పు ఎగ్గొట్టడం చూశాగానీ, కంప్యూటరు పద్దు ఎగ్గొట్టడం ఇదే చూడటం" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నల్ల తెరతో నడిపితే రెండు ఎర్రర్లూ ఒకదాని కింద ఒకటి కనిపించాయి. 'ఫ్రమ్ టీకింటర్ ఇంపోర్ట్ మెసేజ్‌బాక్స్' అని ఒక్క లైను చేర్చడంతో హెచ్చరిక వచ్చింది. పద్దులు మాత్రం రాలేదు. గుర్తున్నవి గుర్తున్నట్టు మళ్లీ రాసుకున్నారు.

ఇందులో తప్పెవరిది? లైను తీసేసిన కుర్రాడు చేసింది సరైన పనే. పక్కింటి పేపరు మీద ఆధారపడిన మొదటి కుర్రాడి కోడ్ ఆరోజు నడిచింది కాబట్టి అతనికీ తెలీదు. నష్టం మాత్రం పైతాన్ అంటే ఏంటో తెలీని మనిషికి. అందుకే ఇది స్టైలు గొడవ కాదు అంటాను. ఎర్రర్ చూపించే దారిలో ఉండే కోడ్ చాలా అరుదుగా నడుస్తుంది, కాబట్టి అది దేని మీద ఆధారపడిందో పైకి కనిపించేలా రాసి తీరాలి.

ఇక దీనికి అన్నయ్య లాంటిది 'ఫ్రమ్ టీకింటర్ ఇంపోర్ట్ స్టార్'. బోర్డు మీద మొదటి లైనే ఇది. మాస్టార్లని మాత్రం ఏమంటాం, పైతాన్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లో టీకింటర్ హలో వరల్డ్ ఉదాహరణ కూడా ఈ లైనుతోనే మొదలవుతుంది. అదే పైతాన్ వాళ్ల పెప్ 8 స్టైల్ గైడేమో స్టార్ ఇంపోర్ట్‌లు వద్దంటుంది!

స్టార్ పెడితే లోపలి మాడ్యూల్స్ కూడా వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. మెసేజ్‌బాక్స్ అప్పుడూ రాదు. వచ్చేవి ఇంటి పెద్ద దగ్గరున్న పేర్లు మాత్రమే, అవి కూడా ఇంటిపేరు లేకుండా, కుప్పలుగా. వీధిలో నిలబడి "ఒరేయ్ శీనూ" అని కేకేస్తే నలుగురు తిరిగి చూసినట్టుంటుంది తర్వాత సంగతి. 'ఫ్రమ్ టీకింటర్ ఇంపోర్ట్ స్టార్' తర్వాత 'ఫ్రమ్ టీకింటర్.టీటీకే ఇంపోర్ట్ స్టార్' అన్నారంటే బటన్, లేబుల్, ఎంట్రీ, ఫ్రేమ్ అన్నీ టీటీకే వాళ్లవి అయిపోతాయి. నిన్నటిదాకా రంగు మారిన బటన్ ఈరోజు 'బీజీ' అనే ఆప్షనే తెలీదంటుంది. ఎందుకంటే అది నిన్నటి బటన్ కాదు, అదే పేరున్న ఇంకో మనిషి. ఇంకా సరదా కావాలంటే, బొమ్మల కోసం పిల్ లైబ్రరీ నుంచి ఇమేజ్ తెచ్చుకుని, దాని కింద టీకింటర్ స్టార్ లైను రాయండి. టీకింటర్‌లో కూడా ఇమేజ్ అనే క్లాసు ఉంది. అది వచ్చి మొదటిదాని కుర్చీలో కూర్చుంటుంది. ఇమేజ్.ఓపెన్ అంటే అలాంటిదేం లేదంటుంది. రెండు లైన్లు అటూ ఇటూ మారిస్తే పనిచేస్తుంది, ఎందుకు పనిచేసిందో చేసినవాడికి తెలీదు. "కంప్యూటర్ కదండీ, అలాగే ఉంటుంది" అనే వేదాంతం సరిగ్గా ఇక్కడే పుడుతుంది.

ఇది టీకింటర్ ఒక్కదాని జబ్బు కాదు. క్యూటీ వైపు వెళ్లినా ఇదే కథ. 'ఇంపోర్ట్ పైక్యూటీ5' అంటే లోపలి క్యూటీవిడ్జెట్స్, క్యూటీకోర్ రావు, విడిగా పిలవాలి. అక్కడ ఇంకో మెలిక, ఇళ్లు మారిపోతుంటాయి. 2012 డిసెంబరులో క్యూటీ 5 వచ్చినప్పుడు అప్పటిదాకా క్యూటీగుయ్‌లో ఉన్న విడ్జెట్లన్నీ క్యూటీవిడ్జెట్స్ అనే కొత్తింటికి వెళ్లాయి. 2020 డిసెంబరులో క్యూటీ 6 వచ్చినప్పుడు క్యూయాక్షన్ అనే క్లాసు క్యూటీవిడ్జెట్స్‌లోంచి మళ్లీ క్యూటీగుయ్‌కి వెళ్లింది. ఇంపోర్ట్ లైనులో ఫలానా ఇంట్లోంచి ఫలానావాడు అని రాసుకున్నవాళ్లకి ప్రోగ్రాం మొదలవుతూనే ఆ లైను దగ్గరే ఎర్రర్ వస్తుంది, అడ్రసు మార్చుకుని పోతారు. అన్ని ఇళ్లకీ స్టార్ పెట్టినవాళ్లలో క్యూటీగుయ్‌కి కూడా పెట్టినవాడికి ఏ గొడవా ఉండదు. పెట్టనివాడికి ఆ మెనూ తెరిచేదాకా తెలీదు.

సరే, అటువైపు వాదన కూడా వినాలిగా. "ఫ్రేమ్‌వర్క్ వాళ్లే అన్నీ లోడ్ చేసి పెట్టొచ్చుగా, మనకెందుకు ఈ తిప్పలు?" అంటారు. చిన్న లైబ్రరీ అయితే చెయ్యొచ్చు. కానీ క్యూటీ లాంటి దాంట్లో వెబ్ బ్రౌజర్ ఇంజినూ, వీడియోలూ, డేటాబేసులూ అన్నీ ఉన్నాయి. ఒక బటన్ చూపించడానికి ఊరంతటినీ నిద్ర లేపితే ప్రోగ్రాం మొదలవడానికే ఆలస్యం, మెమరీ దండగ. "మరి అడిగినప్పుడు లోడ్ అయ్యేలా చెయ్యొచ్చుగా?" అంటారు. నిజమే, పైతాన్ 3.7 నుంచి (2018) మాడ్యూల్ స్థాయిలో గెట్‌ఆట్టర్ రాసుకునే వీలుంది. చుక్క పెట్టి అడిగినప్పుడే లోపలి మాడ్యూల్‌ని తెచ్చి ఇవ్వొచ్చు. కొన్ని లైబ్రరీలు అలా ఇస్తున్నాయి కూడా. ఇచ్చినచోట హాయిగా వాడుకోండి. ఇవ్వనిచోట ఇచ్చినట్టు ఊహించుకోవడమే నేను వద్దంటున్నది.

"లైన్లు పొడుగైపోతాయి" అనేది ఇంకో వాదన. 'ఇంపోర్ట్ టీకింటర్ యాజ్ టీకే', 'ఫ్రమ్ టీకింటర్ ఇంపోర్ట్ టీటీకే, మెసేజ్‌బాక్స్'. అంతే, రెండు లైన్లు. తర్వాత టీకే.బటన్ అంటే ఏ బటనో, టీటీకే.బటన్ అంటే ఏ బటనో చదివేవాడికి వెంటనే తెలుస్తుంది. ఆ రెండక్షరాల శ్రమకి బద్ధకిస్తే ఎలా?

మీకు నిజంగా పనికొచ్చేవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తా.

ఒకటి, ప్రతి ఫైలూ తన కాళ్ల మీద తను నిలబడాలి. మీ ప్రోగ్రాంలో పది స్క్రీన్లకి పది ఫైళ్లుంటే, మెసేజ్‌బాక్స్ వాడే ప్రతి ఫైల్లోనూ ఆ లైను ఉండాలి. రెండోసారి ఇంపోర్ట్ చేస్తే మళ్లీ లోడ్ అవుతుందనే భయం అక్కర్లేదు, మొదట లోడ్ అయినదాన్నే తీసిస్తుంది.

రెండు, మీ ఫైలుకి టీకింటర్ అని పేరు పెట్టకండి. అలా పెడితే పైతాన్‌కి ముందు మీ ఫైలే దొరుకుతుంది. "టీకింటర్ అసలు ప్యాకేజీయే కాదు" అని వింత ఎర్రర్ వస్తుంది. ఇంకొకళ్ల ఇంటిపేరు పెట్టుకుంటే అంతే మరి.

మూడు, స్క్రీన్ పేరు టెక్స్ట్‌గా ఇచ్చి లోడ్ చేసేవాళ్లు ఇంపోర్ట్‌లిబ్‌లోని ఇంపోర్ట్_మాడ్యూల్ వాడండి. పాత పద్ధతిలో అండర్‌స్కోర్ల ఇంపోర్ట్ ఫంక్షన్‌కి చుక్కలున్న పేరు ఊరికే ఇస్తే అది చివరివాడిని కాదు, ఇంటి పెద్దని తెచ్చి చేతిలో పెడుతుంది. పైఇన్‌స్టాలర్‌తో ఎగ్జిక్యూటబుల్ చేసేటప్పుడు ఇలా టెక్స్ట్‌గా పిలిచినవి దానికి కనపడవు, హిడెన్ ఇంపోర్ట్ అని విడిగా చెప్పాలి.

నాలుగు, నల్ల తెర తీసేసే ముందు, టీకింటర్‌లోని రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్‌కి బదులు మీ సొంత ఫంక్షన్ పెట్టి ఎర్రర్లని ఓ ఫైల్లో రాసుకోండి. పైరైట్ లాంటి టూలు ఒకటి నడిపిస్తే, ఇంపోర్ట్ చెయ్యని లోపలి మాడ్యూల్‌ని వాడిన చోటు ముందే చూపిస్తుంది.

నేర్పేవాళ్లకి ఒక మనవి. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కున్న పిల్లాడైనా, రాత్రులు మేలుకుని సొంతంగా రాసుకున్న పిల్లాడైనా, ఈ ఎర్రర్ ముందు ఇద్దరూ ఒకటే. పల్లెటూరి కాలేజీలో, అడిగేందుకు పక్కన సీనియర్ కూడా లేనివాడు "ఉన్నదాన్ని లేదంటోంది, నాకీ ప్రోగ్రామింగ్ రాదేమో" అనుకుని వదిలేస్తే అది వాడి తెలివితక్కువ కాదు. మొదటి రోజు బోర్డు మీద స్టార్‌కి బదులు పూర్తి పేరు రాసి, ప్యాకేజీ వేరు, దాని లోపలి మాడ్యూల్ వేరు అని చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు వాళ్లకి ఇవ్వండి మాస్టారూ. ఏమంటారు?